పది పిల్లర్ల చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు

సండూరు దారిలో ఖనిజం లారీలు బాగుచేసే షెడ్డు కడుతున్నప్పుడు నేలమట్టం చూసే పని నాది. నేను చదివింది తక్కువ. గనుల దగ్గర ఖనిజం కుప్పల పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి కొలిచి లెక్క పట్టుబడింది. ఇప్పటికీ ఎవరైనా ఒక కొలత చెబితే, నేను మళ్లీ కొలవందే నోటుబుక్కులో రాయను.

షెడ్డుకు ఇరవై పిల్లర్లు. నేల పోయకముందే ఒక మూల మూరెడు రాయి పాతించి, సున్నం కొట్టించి, మట్టానికి దాని పైభాగాన్నే ఆధారం చేసుకున్నాను. ఆ రాయి నుంచి నీళ్ల ట్యూబు పట్టి, రాబోయే నేలకు సరిగ్గా మీటరు ఎత్తున ప్రతి పిల్లరు మీదా నీలం గీత గీశాను. రెండు రోజులు పట్టింది. రెండుసార్లు సరిచూశాను.

ఆ తర్వాత మిషన్ దిగింది. పచ్చి కాంక్రీటును చదును చేసే మిషన్. బెంగళూరు నుంచి ఆపరేటరూ దాంతోపాటే వచ్చాడు. మూడు కాళ్ల స్టాండు మీద ఒక పెట్టె తిరుగుతూ కంటికి కనబడని గీత వేస్తుందట. దాన్ని పట్టుకుని మిషన్ పలక తనంతట తానే పైకీ కిందికీ జరుగుతుందట. పిల్లరు అడ్డమొస్తే చుట్టూ తిరిగి మరీ చదును చేస్తుందని చెప్పాడు. ఉత్తగా తిప్పి చూపించమన్నాను. పలక తిరిగింది గానీ పిల్లరుకు జానెడు దూరంలోనే ఆగింది. ఆ జానెడు సంగతేమిటని అడిగితే నవ్వాడు. నవ్వి మాట దాటేసేవాళ్ల మీద నాకు అనుమానం ఎక్కువ.

చేత్తో చదును చేయడానికి ఆ జానెడే తాపీ మేస్త్రీకి మిగిలింది. ఆయన సంగనకల్లు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన జట్టులో ఆరుగురు. ఆ మాత్రం పని కూడా మిషన్ చేసేస్తే, ఆ రోజే ఇళ్లకు పొమ్మంటారని వాళ్లకు తెలుసు.

మిషన్ దిగిన రోజున పూజ చేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ సిద్ధం చేశారు. పసుపు వినాయకుణ్ణి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. ఎటు చూసినా ఎర్ర దుమ్ము. తెల్లగా, శుభ్రంగా ఉన్నది నా రాయి ఒక్కటే. దాని మీద పెట్టమన్నది నేనే. పూజ అయ్యాక పసుపు ముద్దను తీసి నీళ్లలో వదిలాం.

మరుసటి రోజు సగం నేలకు, అంటే పది పిల్లర్ల మేరకు కాంక్రీటు పోశారు. అంతకుముందు ఆపరేటరు తన కొలత కడ్డీని నా రాయి మీద నిలబెట్టి మిషన్‌కు మట్టం ఇచ్చుకున్నాడు. కడ్డీ నిటారుగా పట్టాడా లేదా అని పక్కనే నిలబడి చూశాను. దాని అడుగు మాత్రం చూడలేదు.

మొదటి పిల్లరు దగ్గరే మేస్త్రీ నన్ను పిలిచాడు.

“అప్పా, నీ గీత నుంచి మీటరు దిగితే మిషన్ చేసిందానికంటే కిందికి వస్తాండాది. ఏది పట్టాల నేను?”

“గీతే పట్టన్నా. మిషన్ను నమ్మొద్దు.”

“చుట్టూ గుంత మాదిరి ఉంటాది, చూడు మల్ల.”

“ఉండనీ. తప్పు దానిదేనని రేపు అందరికీ తెలుస్తాది.”

ఆయన తాపీ అందుకున్నాడు. పది పిల్లర్లకూ నా గీత ప్రకారమే చేశాడు.

మర్నాడు నేల తడపడానికి నీళ్లు వదిలితే, నీరంతా పోయి పిల్లర్ల చుట్టూ నిలిచింది. షెడ్డు కట్టించే ఇంజినీరు వచ్చి, బూటు కొనతో ఒక్కో మడుగూ చూపిస్తూ మేస్త్రీని వెంట తిప్పాడు. చేతిపని ఇట్లానే ఉంటుందన్నాడు. ఆపరేటరు ఇంకో చిన్న పలక ఉందని, అది బిగిస్తే పిల్లరుకు నాలుగు వేళ్ల దాకా పోవచ్చని అందుకున్నాడు. మిగతా సగం మిషన్‌తోనే చేయించాలని, జట్టు మధ్యాహ్నానికి వెళ్లిపోవచ్చని ఇంజినీరు తేల్చేశాడు. మేస్త్రీ ఒకసారి నా వైపు చూశాడు. గీతే పట్టమన్నది నేనని చెప్పలేదు. తాపీ కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లాడు.

ముందు మిషన్ తప్పు అంకెల్లో పట్టుకుని, ఆ తర్వాత మాట్లాడాలనుకున్నాను.

అల్యూమినియం పట్టీ వేసి నేల నడుమ చూశాను. మిల్లీమీటరు కూడా తేడా లేదు. అది నాకు నచ్చలేదు. చోటు మార్చి మళ్లీ చూశాను. అక్కడా అంతే. ఇక పిల్లర్ల దగ్గరికి వచ్చి, మేస్త్రీ చేసిన చోట పట్టీ కింద సందు కొలిచాను. నాలుగు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు, నాలుగు, నాలుగు. అప్పటికి మేస్త్రీ మీద కూడా అనుమానం వచ్చింది, దాచను. కానీ చెయ్యి తప్పితే ఒకచోట రెండు వస్తుంది, ఇంకోచోట ఏడు వస్తుంది, మరోచోట ఎత్తే వస్తుంది. పది చోట్లా దాదాపు ఒకే అంకె వచ్చిందంటే, తప్పు ఒక్కచోటే పుట్టి అన్నిటికీ పాకి ఉండాలి. నా గీతలూ మిషన్ మట్టమూ రెండూ బయల్దేరింది ఆ రాయి నుంచే.

నీళ్ల ట్యూబు తీసుకుని రాయి దగ్గర కూర్చున్నాను. పైన ఎర్ర దుమ్ము. బొటనవేలితో తుడిస్తే దుమ్ము పోయింది గానీ వేలికి గట్టిగా ఏదో తగిలింది. గోటితో గీకాను. కింద పసుపు. ముద్దను తీసినా దాని అడుగు రాయికి అంటుకుపోయి ఎండి గట్టిపడింది. బ్లేడుతో ఒక అంచు తీసి స్టీలు స్కేలు ఆనించాను.

నాలుగు.

నా గీతలు పూజకు ముందువి. ఆపరేటరు కడ్డీ నిలిచింది ఈ పసుపు మీద. అందుకే మిషన్ చేసిన నేలంతా నాలుగు మిల్లీమీటర్లు పైకి లేచింది. మిషన్ తప్పు లేదు, మేస్త్రీ తప్పు లేదు.

మిగిలిన పసుపు కూడా గీకి పారేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, కాసేపు నిలిచింది కూడా. తొట్టి దగ్గర జట్టువాళ్లు టిఫిన్ డబ్బాలు సంచుల్లో పెట్టుకుంటున్నారు. బ్లేడు జేబులో వేసుకుని ఇంజినీరును పిలుచుకొచ్చాను. పసుపు అక్కడ పెట్టించింది నేనని, మేస్త్రీ తేడా చూసి అడిగినప్పుడు గీతే పట్టమన్నదీ నేనేనని చెప్పాను. ఆయన వంగి గోటితో నొక్కి చూసి, “ఏన్రీ ఇదు, ఇష్టు వర్ష లెక్క మాడి?” అన్నాడు. ఇన్నేళ్లు లెక్కలు చేసి ఇదేమిటని. ఆపరేటరు ఈసారి నవ్వలేదు.

జట్టును పోనివ్వకుండా ఆపారు, పిల్లర్ల చుట్టూ పని వాళ్లకే ఉంచారు. పది పిల్లర్ల చుట్టూ అంగుళం లోతు చెక్కి మళ్లీ పోయాల్సి వచ్చింది. మూడు రోజుల పని. నేను దుమ్ము ఊడ్చి నీళ్లు చల్లాను. రెండో సగం మొదటిదానితో కలవాలని, రాయిని గీకి శుభ్రం చేసి నా గీతలూ మిషన్ మట్టమూ రెండూ నాలుగు మిల్లీమీటర్లు పైకి జరిపాం. ఇకమీదట నా గీతలు ఆపరేటరు చూడాలి, ఆపరేటరు మట్టం నేను చూడాలని ఇంజినీరు ఆర్డరేశాడు.

మేస్త్రీ మాత్రం ఆ అంకెలు రాసిన నా నోటుబుక్కు అడిగి తీసుకుని, మూడు, ఐదు ఉన్న చోట్ల వేలు పెట్టాడు.

“ఈ రెండూ నావేనప్పా. మిగిలిన నాలుగులన్నీ నీవే.”

రెండో సగం పోసిన రోజు పదకొండో పిల్లరు దగ్గర తన తాపీ ఆనించి మేస్త్రీ మళ్లీ పిలిచాడు. “ఇప్పుడు ఎవర్ని నమ్మాల, చెప్పు.”

రెండూ చూడమన్నాను, తేడా వస్తే చెయ్యి ఆపమన్నాను. తేడా రాలేదన్నాడు. నేను వంగి కొలిచాను. నిజంగానే రాలేదు. అయినా అక్కణ్ణుంచి నేరుగా రాయి దగ్గరికి వెళ్లి, దాని నెత్తిన బొటనవేలు ఒకసారి రుద్ది చూశాను.