క్యాంటీనమ్మ పొయ్యి

క్యాంటీనమ్మతో మంచిగా మాట్లాడినవాళ్ళు ఆ అపార్ట్‌మెంట్‌లో లేరు. ఆవిడా ఎవరితోనూ మంచిగా మాట్లాడింది లేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒక షిఫ్టు మొత్తానికి వండిపెట్టిన మనిషి. ఆకలి మీదున్న జనం అరుస్తుంటే వాళ్ళకంటే గట్టిగా అరవడం అలవాటైపోయింది. రిటైరై కూతురింటికి చేరినా ఆ గొంతు తగ్గలేదు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు పోగానే పొయ్యి వెలిగించేది. మధ్యాహ్నానికి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేది. లారీ నడపడం మానేసిన డ్రైవరు, కోర్టులో టైపు కొట్టి కొట్టి వేళ్ళు వంకరపోయిన టైపిస్టమ్మ, ఇంకా ఒకరిద్దరు ముసలివాళ్ళు వచ్చి కూర్చునేవారు. "తిండికి మాత్రం టైముకి దిగుతారు" అని తిట్టి వడ్డించేది. వాళ్ళూ తిరిగి తిట్టి, తిని, సాయంత్రం దాకా కదిలేవారు కాదు.

ఈ మధ్య ఆవిడకి లోకం మీద కోపం ఎక్కువైంది. ఇప్పటి సబ్బులకి వాసనే లేదనేది. కాఫీ పొడిలో ఏదో కలుపుతున్నారని కొట్టువాడితో తగువు పెట్టుకుని వచ్చింది. చివరికి పూలు కూడా మోసమేనట. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అని కూతురు నవ్వితే, ఆ పూట కూతురితో మాట మానేసింది.

ఒకరోజు పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు ఆగలేదు. కూతురు తలనొప్పని ఆఫీసు నుంచి ముందుగా వచ్చి తలుపు తీస్తే వాసన గుప్పుమని కొట్టింది. తల్లి మాత్రం పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని తీరిగ్గా కూరగాయలు తరుగుతోంది. కూతురు సిలిండర్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

"ఏడుపెందుకే? కాసిని పాలు పొంగాయి, అంతేగా" అంది తల్లి.

మర్నాటి నుంచి అల్లుడు పొయ్యి నాబ్‌లు ఊడబీకి ప్యాంటు జేబులో వేసుకుని ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే అరిచేవాడు, ఆవిడకి తిరిగి అరిచే వీలుండేది. "మీ మంచికే అత్తయ్యా, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. నన్నడిగితే, వయసు మళ్ళినవాళ్ళ ఉసురు తీయడానికి ఆ ఒక్క మాట చాలు.

మధ్యాహ్నం డ్రైవరు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏం వదినా, సమ్మెనా?"

"పొయ్యి చెవులు కోసుకుపోయారు. నువ్వు కూడా పో."

పోయాడు. తరవాత ఎవరూ రాలేదు. టేబుల్ మీద మూతపెట్టిన గిన్నెల్లో ఆవిడ ఒక్కదాని అన్నం, ఆవిడ ఒక్కదాని కూర. వారం తిరిగేసరికి టీవీతో పోట్లాడటం మొదలుపెట్టింది. టీవీ తిరిగి తిట్టదు. ఒక సాయంత్రం పట్టలేక అల్లుడి మీద విరుచుకుపడింది.

"నలుగురికి నాలుగు మెతుకులు పెడితే ఏడుపా మీకు?"

"అది కాదత్తయ్యా..."

"నన్ను ఇంట్లో ఉంచి పొయ్యిని జేబులో పెట్టుకుపోతారా? పొయ్యి లేని ఇంట్లో నేనెవర్ని? కుర్చీనా, బల్లనా?"

అల్లుడు తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళాడు. ఆవిడకి దాంతో ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కింది అంతస్తుకు దిగి, డ్రైవరు దగ్గర కటింగ్ ప్లేయరు అడిగి తెచ్చింది. నాబ్ ఊడిన చోట మిగిలిన ఇనప కాడను దాంతో పట్టి తిప్పింది. మంట వెలిగింది. "అందర్నీ రమ్మను. ఆలస్యమైతే గిన్నె కడిగేస్తా" అని కిందికి కేకేసింది.

వచ్చారు. టైపిస్టమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకముందే "బాగుంది" అంది. మిగతావాళ్ళు తలలూపారు. డ్రైవరు మాత్రం మంచినీళ్ళు తాగి, "మాడింది వదినా" అన్నాడు.

"నీ నాలుక మాడింది."

"అడుగు చూడు మరి."

గరిటెతో గీకితే నల్లటి పెచ్చులు లేచాయి. గిన్నెను ముక్కు దగ్గరకు తెచ్చుకుని పీల్చింది. మళ్ళీ పీల్చింది. మంచినీళ్ళ గ్లాసు వాసన చూసినట్టుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

డ్రైవరే చెప్పాడు. "చాన్నాళ్ళయింది. ఒకరోజు మాడు, ఒకరోజు ఉప్పుకషాయం."

అప్పుడు వచ్చింది ఆవిడకి అసలు కోపం. ఎంగిలి పళ్ళేలే లాగేసుకుంది. "నేను మీకు పెడుతున్నాననుకుంటే, మీరు నాకు జాలి ముష్టి వేస్తున్నారా? లేవండి. పొండి అందరూ."

టైపిస్టమ్మ లేవలేదు. "మా కోడలు బ్రహ్మాండంగా వండుతుంది. గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి పోతుంది. నువ్వు కనీసం తిడతావు. కూర కోసం వచ్చామనుకుంటున్నావా మేము?"

క్యాంటీనమ్మ పళ్ళెం తెచ్చి మళ్ళీ టైపిస్టమ్మ ముందు పెట్టింది. పెట్టడం కాదు, విసిరినంత పని చేసింది. తరవాత తనూ కూర్చుని ఆ మాడు కూరే తింది.

సాయంత్రం కూతురూ అల్లుడూ వచ్చేసరికి మాడిన గిన్నె, కటింగ్ ప్లేయరు టేబుల్ మీదే ఉన్నాయి. "నాకు వాసన తెలియడం లేదు" అంది, ఎవరూ అడక్కుండానే. ఆ మాట కూడా తిట్టినట్టే అంది.

"ఎందుకమ్మా చెప్పలేదు?"

"నాకే ఇవాళ తెలిసింది. ముందే తెలిసినా చెప్పేదాన్ని కాదులే. చెబితే పొయ్యితో పాటు నన్నూ ఓ మూల పెడతారు."

అల్లుడు అందుకున్నాడు. "రేపు డాక్టరుకి చూపిద్దాం. వంట మాత్రం, మేం లేనప్పుడు వద్దత్తయ్యా. భయమేస్తుంది."

"నాకూ భయమే. అందుకే చెబుతున్నా. నా ముక్కు పోయింది, డ్రైవరు ముక్కు బాగానే ఉంది. పొద్దున్న వెళుతూ నాబ్‌లు అతని చేతికివ్వండి. అతనొచ్చి పక్కన కూర్చుంటేనే పొయ్యి వెలిగిస్తా."

అల్లుడు జేబులో నాబ్‌లు తడుముకున్నాడు. "ఆయన రోజూ రావద్దూ?"

"రాక ఎక్కడికి పోతాడు?" అంది క్యాంటీనమ్మ. "ఆ ఇంట్లో వాడితో మాట్లాడేదెవరు?"