పోతు మొక్క

మా ముత్తాత, తాతయ్య, నాన్న, మూడు తరాలూ బాపట్ల వైపు సర్కారు లైసెన్సుతో గంజాయి పండించిన ఆసాములు. కలెక్టరు దొర క్యాంపుకొస్తే మా లోగిలిలోనే భోంచేసేవాడు. అందుకే ఎనభైల మొదట్లో, కాలిఫోర్నియా బస్సులో పక్క సీటు ముసలమ్మ ఊలు బుట్టలోంచి సీసా తీసి మూత తిప్పగానే వాసనకే అది గంజాయని నాకు తెలిసిపోయింది. అక్కడ అది జైలుకు పంపే సరుకు.

"నేను పెంచిందే, హనీ. అఫ్గాన్ విత్తనం. మొక్క పొట్టి, ఆకు వెడల్పు, విరగకాస్తుంది. పొగ జామపండులా తియ్యగా ఉంటుంది. రెండు దమ్ములకే ఒళ్లు బరువెక్కి, మోకాళ్ల నొప్పి మరిచిపోయి నిద్రపోతాను," అంది, ఊరగాయ గురించి చెప్పినట్టు.

నేను నిటారుగా కూర్చున్నాను. "మాదీ అదే పంటండీ. మూడు తరాలది."

ఆమె ముఖం వెలిగింది. "మరి మగ మొక్కల్ని ఏం చేసేవారు?"

"పోతు మొక్కలంటాం. కనబడగానే పీకించేవారు. ఒక్కటి మిగిలినా చేనంతా గింజపట్టి పాడైపోతుంది."

"మీ ఇంట్లో మగపిల్లలెందరు?"

"వంశానికి నేనొక్కణ్ణే," అన్నాను గర్వంగా.

"అయ్యో, నిన్ను పీకకుండా వదిలేశారా!"

ఆమె పడీపడీ నవ్వింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నా ముఖం మీద అలా నవ్వే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు.

ఆమెకేం తెలుసు, నాన్న పోయి ఏడాది తిరక్కుండానే ఆ చేనూ, గోదామూ, లోగిలీ నా సంతకంతోనే అమ్ముడుపోయాయి.