యలమంద చెయ్యి

యలమంద చెయ్యి ఊరుకోదని పర్చూరు దగ్గర వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. కోటప్పకొండ తిరునాళ్లకు ఎత్తైన వెదురు ప్రభ కట్టేటప్పుడు కూడా, బిగించిన ముడినే విప్పి మళ్లీ కట్టేవాడు.

కౌలు చేలో మిరపకు నల్ల తామర పురుగు పడిన ఏడు, ఏ ఆకు కాస్త ముడుచుకున్నా ఆ సాయంత్రమే మందు కొట్టాడు. మర్నాడు ఇంకో ఆకు, ఇంకో మందు. భార్య హనుమాయమ్మ "కాస్త ఆగి చూడయ్యా" అంటే, "చేను చచ్చిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?" అన్నాడు. చివరికి పూత రాలిపోయి మొక్కలు మోడులై నిలబడ్డాయి. చేను దున్నేసి, చిలకలూరిపేట రోడ్డులోని కారం మిల్లులో పనికి చేరాడు.

మొదట బస్తాలు మోశాడు. నడుము పట్టేశాక ప్యాకింగ్ మిషన్ దగ్గరకు మార్చారు. అరకిలో ప్యాకెట్లు నింపే మిషన్ అది. దాని పక్కనున్న మరను, అంటే బోల్టును, స్పానరుతో బిగిస్తే కారం తక్కువ పడుతుంది, వదులు చేస్తే ఎక్కువ పడుతుంది. ఆ స్పానరు ఎప్పుడూ అతని చొక్కా జేబులోనే ఉండేది. ప్యాకెట్టు రవ్వంత బరువు తూగితే బిగించేవాడు, రవ్వంత తేలితే వదులు చేసేవాడు.

"ఏందన్నా, పొద్దున్నుంచి దాని మీద చెయ్యి చేసుకుంటానే ఉన్నావు! పాపం, అదేం తప్పు చేసింది?" అని ప్యాకింగ్ బల్ల దగ్గర నాగజ్యోతి నవ్వేది.

ఇంతలో తూకం తగ్గిన ప్యాకెట్లు దుకాణాల నుంచి తిరిగొచ్చాయి. "శనివారం దాకా చూస్తా యలమందా. అప్పటికీ ఇంతే అయితే మళ్లీ బస్తాల దగ్గరికే" అన్నాడు సూపర్‌వైజరు శివరామకృష్ణ. ఆ నడుము ఇక బస్తా మొయ్యలేదు. భయంతో యలమంద మరను ఇంకా ఎక్కువ తిప్పాడు.

క్వాలిటీ గదిలో పనిచేసే లక్ష్మీదుర్గ అరగంటకోసారి ఐదు ప్యాకెట్లు తూచి, సగటు కట్టి, గోడ మీది చార్టులో చుక్క పెడుతుంది. అందులో మధ్యన ఒక గీత, పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. మిషన్ కొత్తలో, ఎవరూ ముట్టుకోకుండా నడిచినప్పటి తూకాలను బట్టి గీసిన గీతలవి. ఇప్పుడు చుక్కలు రంపపు పళ్లలా రెండువైపులా గీతలు దాటుతున్నాయి.

శుక్రవారం ఆమె అతని దగ్గరికొచ్చింది. "బాబాయ్, రేపు మర ముట్టుకోకు."

"ముట్టుకోకపోతే తూకం పోద్ది గదమ్మాయ్."

"కాస్త అటూ ఇటూ ఊగడం మిషన్‌కి మామూలే. నువ్వు ప్రతిదానికీ తిప్పేసరికి ఆ ఊగడం ఇంకా పెరుగుతోంది. చుక్క గీత దాటినా, వరసగా ఒకవైపే పోతున్నా, అప్పుడు కారణం వెతుకుదాం."

"రేపు శనివారం."

"తెలుసు. సార్‌కి చెప్పాను."

శనివారం యలమంద స్టూలు మీద, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చుక్క పైకి పడగానే లేవబోయాడు.

"కూర్చో బాబాయ్."

తర్వాతి చుక్క తనంతట తనే కిందికొచ్చింది. ఆ రోజు నాగజ్యోతి హాస్యాలాడలేదు. మధ్యాహ్నం దాకా చుక్కలు మధ్యగీత చుట్టూనే తిరిగాయి. ఆ తర్వాత, గీత దాటకపోయినా, ఒకదాని కంటే ఒకటి దిగుతూ పోయాయి. ఈసారి లక్ష్మీదుర్గే మిషన్ ఆపించింది. విప్పి చూస్తే, ప్యాకెట్లలోకి కారం జారే గరాటు గొంతులో చెమ్మ కారం గట్టిగా పేరుకుని ఉంది. మర తిప్పితే పోయేది కాదది. యలమంద గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. తర్వాతి చుక్క మధ్యగీత దగ్గరికొచ్చింది.

శివరామకృష్ణ చార్టు ముందు కాసేపు నిలబడి, "సోమవారం ఇక్కడికే రా" అని వెళ్లిపోయాడు.

యలమంద కదల్లేదు. "అమ్మాయ్, ఆకు ముడిచినప్పుడల్లా మందు కొట్టకుండా, మా చేనుకీ ఇట్టాంటి గీతలు గీసుకునుంటే మిరప బతికేదా?"

అవునంటే అతను ఇంటికెళ్లి నిద్రపోలేడు. కాదంటే అబద్ధమేమో. "తెలీదు బాబాయ్. ఆ ఏడు మందు కొట్టని చేలు కూడా పోయాయి" అంది లక్ష్మీదుర్గ.

అతను తలూపాడు. జేబులోంచి స్పానరు తీసి, చార్టు వేలాడే మేకుకే తగిలించాడు. "ఇక్కడుండనీ. తియ్యాలంటే ముందు చుక్కలు చూడాలి గదా."

ఇంటికెళ్లే బస్సులో అతని చెయ్యి మాటిమాటికీ ఖాళీ జేబును తడుముతూనే ఉంది.