దిబ్బ మీదికి దించని మనిషి

ఆ నియమం రాసింది నేనే. ఈ సంగతి దాచి మిగతాది చెప్పడం నాకు చేతకాదు. "ఎక్కిన వాళ్లు కోరిన చోటికి తీసుకుపోని పుట్టివాడు నెల రోజుల పాటు వంతు కోల్పోవాలి." సంఘం పుస్తకంలో మూడో పేజీలో, నా చేతిరాతలోనే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ల తర్వాతి మాట. భూముల కొలతల శాఖలో ఉద్యోగం విరమించి ఆత్మకూరులో ఉంటున్నాను. కృష్ణకు కట్టిన ఆనకట్ట వెనక నీళ్లు చాలా దూరం నిలిచి ఉండేవి. పట్నం నుంచి ఒక అధికారి వచ్చి, ఏటి ఒడ్డు ఊళ్లో ఊరివాళ్లే నడుపుకునే పర్యాటక సంఘం పెడదామన్నాడు. వచ్చినవాళ్లను పుట్టుల్లో తిప్పాలి, జొన్నరొట్టె పెట్టాలి, పక్షులను చూపాలి. చేపలు పడని వేసవి నెలల్లో జాలరి కుటుంబాలకు పని దొరుకుతుంది. "అంతా మీదే, మేము పక్కన నిలబడతాం" అని ఎన్నిసార్లు అన్నాడో! పద్ధతిగా రాసే మనిషినని నన్ను కార్యదర్శిని చేశారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, కింద తారు పూసిన పట్టా బిగించిన పడవ. ఆ ఊళ్లో ఒక పుట్టివాడు నాకు అప్పటికే చాలా ఏళ్లుగా తెలుసు. ప్రతి వేసవిలో నన్ను నీళ్ల నడుమ ఉన్న దిబ్బ దగ్గరికి తీసుకుపోయేవాడు. నేను దాన్ని దిబ్బ అనేవాణ్ని. అతను మాత్రం "మా చెల్క" అనేవాడు. ఆనకట్ట రాకముందు అది వాళ్ల నాయన చేనులో ఎత్తయిన మూల. ముంపు భూములను కొలిచినప్పుడు ఆ చేనులో కొలత గొలుసు పరిచింది కూడా నేనే. ఆ ఊసు అతను ఎన్నడూ ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను.

ఉగాది దాటి నీళ్లు తగ్గితే ఆ దిబ్బ మీద ఏటిపిట్టలు గుడ్లు పెట్టేవి. పసుపు ముక్కు, నల్లటి నెత్తి. గూడంటూ ఉండదు, గులకరాళ్ల నడుమ చిన్న గుంత, అంతే. అతను దూరంగానే తెడ్డు ఆపి పుట్టిని నిలిపేవాడు.

"దిగొద్దు సారూ. మనం దిగితే అవి లేస్తయ్. అవి లేస్తే గుడ్ల మీద ఎండ కూసుంటది."

నేను ఏనాడూ దిగలేదు. కానీ రాశాను. ఏ రోజు మొదటి గుడ్డు కనిపించింది, దిబ్బకు ఏ పక్క, ఎన్ని జతలు, అన్నీ నా డైరీల్లో ఉండేవి. సంఘం సమావేశంలో వాటిని చదివి వినిపించాను, పటం కూడా గీసిచ్చాను. అధికారి దాన్ని రంగుల కాగితం మీద అచ్చు వేయించి పంచాడు. దిబ్బ మీద గుడ్డు బొమ్మ, దాని దాకా చుక్కల దారి. నా గీత అచ్చులో చూసి మురిసిపోయిన ముసలివాణ్ని నేను.

ఒక ఆదివారం కార్లో కొందరు వచ్చారు. వంతు ఆ పుట్టివాడిది. ఎప్పటిలాగే దూరంగా ఆపాడు. దింపమన్నారు. దింపనన్నాడు. గొడవ పెట్టుకున్నారు. పుట్టిని వెనక్కి తిప్పి ఒడ్డుకు తెచ్చేశాడు. అధికారి అక్కడే ఉన్నాడు.

"దింపమంటే దింపాలి కదయ్యా. అదేమన్నా నీ ఇల్లా?"

"ఇల్లు గాదు సారూ. చెల్క. మా నాయినది."

"అది ఎప్పుడో మునిగిపోయింది."

పక్కనే బోర్లించిన పుట్టికి తారు పూస్తున్న అతని భార్య తలెత్తకుండానే అంది. "గా ముచ్చట పిట్టలకు చెప్పు సారూ. ఈసారి నీ ఆఫీసుల పెడ్తయ్ గుడ్లు."

ఒడ్డున ఉన్నవాళ్లంతా నవ్వారు. అధికారి నవ్వలేదు. నా వైపు తిరిగి, "దగ్గర్నుంచి చూపించకపోతే ఇంత దూరం ఎవరొస్తారు సార్? నియమం మీరు రాసిందే కదా?" అన్నాడు.

పుస్తకం మూసి చంకలో పెట్టుకుని ఇంటికి పోవలసింది. పోలేదు. రాసినదాన్ని అమలు చేయడమే జీవితమంతా నాకు తెలిసిన పని. పుస్తకం తెరిచి, స్కేలు పెట్టి, అతని పేరు మీద గీత గీశాను. అతను వంగి చూశాడు.

"గీత మంచిగ గీసినవ్ సారూ."

తర్వాతి ఆదివారం ఇంకో పుట్టివాడు, వంతు పోతుందన్న భయంతో, అడిగిన వాళ్లందరినీ దింపాడు. నేనూ వెంట వెళ్లాను, కానీ పుట్టి దిగలేదు. పిట్టలన్నీ ఒక్కసారి లేచి అరుస్తూ తలల మీదికి దూకుతుంటే జనం గొడుగులు విప్పి కేకలు పెట్టి నవ్వారు. ఫొటోలు తీసుకున్నారు. పాలమూరు ఎండ, మిట్టమధ్యాహ్నం. చాలు, వచ్చేయండని గొంతు పోయేలా అరిచాను. చాలాసేపటికి గానీ కదల్లేదు. వాళ్లు పుట్టి ఎక్కాక మొదటిసారి ఆ దిబ్బ మీద కాలు పెట్టాను. ఒక గుడ్డు మీద వేళ్లు ఆనించాను. పొయ్యి మీద నుంచి దించినంత వేడి. కొన్ని చెప్పుల కింద పడి పగిలాయి. కారిన పచ్చసొన రాళ్లకు అంటుకుని అప్పటికే ఎండిపోయింది.

ఒడ్డుకొచ్చి అధికారికి చెప్పాను. "మళ్లీ పెడతాయి లెండి సార్" అన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు పై అధికారి మీద గొంతెత్తని నేను, ఆరోజు నలుగురిలో అతణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను రంగుల కాగితం తీసి చూపించాడు. "మీ పటమే కదా సార్."

కార్యదర్శి పని వదిలేశాను. అది చెప్పుకుంటే ఏదో కొంత తీరుతుందని ఆ సాయంత్రమే పుట్టివాడి ఇంటికి పోయాను. వల బాగుచేసుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. భార్య నీళ్లిచ్చింది. అతను అన్నాడు.

"మొదలు చెల్క కొల్చినవ్, మునిగింది. పిట్టలను రాసినవ్, గవీ వోయినయ్. ఇగ మా ఇంట్ల ఏం రాయనీకి వచ్చినవ్ సారూ?"

నీళ్లు తాగి వచ్చేశాను.

ఏడాది తిరిగేసరికి అధికారి బదిలీ అయ్యాడు, సంఘం మూతపడింది. వంతులూ పోయాయి, వేసవి పనీ పోయింది. మళ్లీ ఉగాది దాటాక, అతను ఎక్కించుకుంటాడో లేదో అనుకుంటూనే ఒడ్డుకు వెళ్లాను. ఎక్కించుకున్నాడు. దిబ్బ ఖాళీగా ఉంది.

"ఈసారి ఎక్కడ పెట్టినయి?" అన్నాను.

"తెల్వదు సారూ."

ఆ నీళ్లలో ఏ చేప ఎక్కడ ఈదుతుందో తెలిసిన మనిషికి ఇది తెలియదంటే నమ్మనా? ఇన్నేళ్ల స్నేహం, ఇంత అబద్ధమా అని నాకు మండిపోయింది. ఇంకోసారి గట్టిగా అడిగాను. తెడ్డు వేస్తూనే నా జేబులోని పెన్ను వైపు చూశాడు. అతను చేసింది సరైనదే. ఆ సంగతి అక్కడే, ఆ పుట్టిలోనే నాకు తెలుసు. నా కోపం మాత్రం ఈ రోజుకీ తగ్గలేదు.