పైడమ్మ వదిన గేటు ముందు

పోయిన మంగళవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది, పైడమ్మ వదిన పోయిందని. ముందురోజు సాయంత్రమే మా టాటానగర్‌లోని బాగ్‌బేరా బజారులో కనిపించింది. బెండకాయలు ముదిరాయని అమ్మేవాడితో హిందీలో తగువు పడుతోంది. గుండెపోటట. నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగాను.

ఆమె మా పెదనాన్న కొడుకు అప్పలనాయుడి భార్య. అన్న మస్కట్‌లో క్రేన్ నడపడానికి వెళ్తే, కూతుర్ని ఎత్తుకుని తనూ వెళ్లింది. ఏళ్ల తరబడి అక్కడే ఉండి, నిరుడు ఉగాదికి ముందు ముగ్గురూ మా వీధిలోని సొంతింటికి తిరిగొచ్చేశారు.

"మస్కట్‌లో ఇండియావోళ్లం. శ్రీకాకుళం ఎల్తే టాటానగరోళ్లం. ఈ వీధికొత్తే మస్కటోళ్లం. మరి మాదే ఊరో నువ్వు సెప్పు మరిదీ" అని నవ్వేది. నవ్వేది గాని, ఆమెకది నవ్వులాట కాదు.

అందుకేనేమో, ఆ తర్వాత కువైట్ నుంచి ఇంకో కుటుంబం మా వీధికి తిరిగొస్తే, వాళ్లు పెట్టెలు దించకముందే పప్పుచారు గిన్నెతో వెళ్లింది. వాళ్లని కువైటోళ్లని ఎవరన్నా అంటే ఊరుకునేది కాదు.

అమ్మవారి పండక్కి మా వీధిలో ఘటం ఇంటింటి ముందూ ఆగుతుంది. ఘటం ఎత్తినామె కాళ్లపై ఆ ఇంటి ఇల్లాలు పసుపు నీళ్లు పోస్తుంది. మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ ఆ రోజు వదిన మా అమ్మకు ఫోన్ చేసి డప్పు వినిపించమనేది. అక్కడి గుమ్మంలోనూ చెంబుడు పసుపు నీళ్లు పోసేది. "మెట్లమ్మట కారిపోయి, కింద వాటా ఆయన కొట్టీడానికొచ్చినాడు" అని చెప్పి పడీ పడీ నవ్వేది. "ఘటం మా గేటు కాడ ఆగిన్నాడే మేం ఊరొచ్చినట్టు" అనేది.

నిరుడు ఘటం ముందు నడిచింది నేను. ముందు నడిచేవాడు ఆగిన చోటే ఘటం ఆగుతుంది. వదినవాళ్లు మస్కట్‌లో ఉండి ఇల్లు అద్దెకిచ్చినన్నాళ్లూ అక్కడ ఆగేవాళ్లం కాదు. డప్పుల హోరులో నా కాళ్లు పాత అలవాటునే పోయాయి. నాలుగిళ్లు దాటాక వెనక్కి చూస్తే, ముగ్గేసిన గేటు ముందు వదిన, చేతిలో ఇత్తడి చెంబు.

"మమ్మీ, అందర్ చలో నా, ధూప్ హై" అందట కూతురు, ఎండగా ఉంది లోపలికి పదమని.

"నువ్వుండే. మర్సిపోనాడు, వత్తాడు" అందట వదిన.

నేను వెళ్లలేదు. ఎత్తిన ఘటం వెనక్కి తిరగకూడదని మా ఆచారం. ఘటం తిరగకూడదు, నిజమే. డప్పు ఆపించి ఆమెనే ముందుకు పిలవచ్చు కదా. పదిమందిలో నా పొరపాటు బయటపడుతుందని పిలవలేదు.

సాయంత్రం వెళ్తే, చెంబులో నీళ్లు మందారం మొదట్లో పోసేసింది వదిన. నాకు అన్నం పెట్టింది. "ఏటి మరిదీ, కళ్లజోడు మార్పించీ. ఇంత లావు మనిషిని, కనబళ్లేదేటి? పై ఏడు ఆగుదువులే" అంది. నేను తలెత్తకుండా తిన్నాను.

పండగ వచ్చే నెల. దహనమై ఇంటికొచ్చాక కూతురు నా పక్కన కూర్చుని, "చాచా, ఇస్ బార్ తో రుకేంగే నా?" అని అడిగింది, ఈసారైనా ఆగుతారు కదా అని. చావైన ఇంటి ముందు ఏడాదిపాటు ఘటం ఆగదని, పరాయి దేశంలో పెరిగిన పిల్లకు తెలీదు.

ఈసారి ముందు నడవనని పెద్దలకు చెప్పేశాను. వదిన గేటు దగ్గర నిలబడతాను. డప్పు వస్తుంది, నన్ను దాటి పోతుంది. ఆమెకు ఇంతకన్నా ఏమిచ్చుకోగలనో తోచడం లేదు.

ఆ పై ఏడు ఘటం అక్కడ ఆగుతుంది. పసుపు నీళ్లు వాళ్లమ్మాయి పోస్తుంది. ఊరొచ్చానని చెప్పుకోవాల్సిన మనిషి మాత్రం ఉండదు.