వెనక బస్సుల వస్తరట

బస్సు ఆగింది గాని మా పిల్లలు దిగలేదు.

కొత్తగూడెం నుంచి వచ్చిన ఆ బస్సు ఒక పక్కకు ఒరిగేంత నిండుగా ఉంది. ఇల్లందు బస్టాండులో జనం దిగుతూనే ఉన్నారు. సంచులవాళ్లు, చంటిపిల్లల తల్లులు, డ్యూటీ దిగిన బొగ్గుబాయి కార్మికులు. చివరి మనిషి కూడా దిగాక లోపల ఖాళీ సీట్లు కనిపించాయి. నా పక్కనున్న టైలర్ భాయ్ వంగి, కిటికీల్లోంచి మళ్లీ ఒకసారి చూశాడు. ఆయన బిడ్డ, నా కూతురు పొద్దున కిన్నెరసాని డ్యాం చూడటానికి వెళ్లారు. ఇద్దరే. ఆ నెలలోనే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు. అయిదు గంటల బస్సుకు దిగాలన్నది మాట. ఆ బస్సు అసలు రానే లేదు. ఇప్పుడు దీపాలు పెట్టే వేళయింది.

భాయ్ జేబులోంచి స్కూటర్ తాళం తీశాడు. అప్పుడే కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నిలబడి గట్టిగా అడిగాడు.

"టైలర్ భాయ్ అంటె ఎవరిక్కడ?"

"నేనే."

"మీ బిడ్డ చెప్పమన్నది. వాళ్ల బస్సు టేకులపల్లికి అవతల అడవిల చెడిపోయింది. ఇద్దరు మంచిగనే ఉన్నరు. వెనక బస్సుల వస్తరట. మీరు బండేసుకొని ఎదురు రావొద్దన్నది. చీకట్ల ఒకల్నొకలు దాటిపోతరట."

భాయ్ చేతిలో తాళం అట్లాగే ఉండిపోయింది. "నన్నే రావొద్దన్నదా?"

"అవ్. చెప్పుడు కాదు, నాతోటి మళ్ల అప్పజెప్పించుకున్నది, బడిల పాఠం లెక్క. ఏం బిడ్డను కన్నవ్ భాయ్" అని కండక్టర్ టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. భాయ్ దుకాణం బస్టాండుకు ఎదురుగానే. ఊళ్లో సగం బడిపిల్లల యూనిఫారాలు ఆయన మిషన్ మీదే తయారయ్యేవి. ఆయన బిడ్డా నా కూతురూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచి. ఇద్దరూ చేరాలనుకున్న జూనియర్ కాలేజీ కొత్తగూడెంలో ఉంది. అంటే రోజూ అడవిదారిలో బస్సు ప్రయాణం. బిడ్డ చదువుకు భాయ్‌కి అభ్యంతరమేమీ లేదు. ఆయన అడిగింది ఒక్కటే. "అన్నా, నడిమిట్ల ఏమన్న అయితే ఆ పిల్ల ఏం జేస్తది?"

మనం వెంట లేకుండా అదే దారిలో ఒకసారి కిన్నెరసానికి పంపి చూద్దామన్నాను. ఆయన కత్తిరిస్తున్న గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "పోనీ. గని అయిదు గంటల బస్సుకు దిగాలె. దిగకపోతే కాలేజీ ముచ్చట మళ్ల ఎవ్వలు ఎత్తొద్దు" అన్నాడు.

ఆ వారమంతా ఇద్దరికీ సలహాలు చెప్పడమే నా పని. జిల్లా పేపర్లో పనిచేస్తూ తిరిగిన రోడ్లన్నీ గుర్తు చేసుకుని చెప్పాను. టికెట్టు నలిపి పారేయకండి, ఇల్లు చేరేదాకా దాచుకోండి. బస్సు చెడిపోతే వెనక బస్సులో ఎక్కించేది ఆ కాగితమే. చివరి బస్సు లేదనే అనుకోండి, దానికంటే ముందే బయలుదేరండి. డ్యాం నీళ్లు చూడటానికి, దిగడానికి కాదు. కండక్టర్‌కు దగ్గరి సీట్లో కూర్చోండి. నా భార్య పులిహోర కట్టిచ్చింది. నా సలహాల కంటే దానికే ఎక్కువ గౌరవం దక్కింది.

బస్టాండులో వెనక బస్సు కోసం మేం ఎదురు చూస్తుండగా భాయ్ అన్నాడు, "అన్నా, మాటైతే మాటే. అయిదు గంటల బస్సుకు రాలే."

చాయ్ హోటలాయన ఊరుకోలేదు. "బస్సే రాకపోతె పిల్లలెట్ల వస్తరు భాయ్? నువ్వు మొన్న పండుగకు ఇస్తానన్న అంగీ ఇంకా కుట్టలేదు. నిన్ను మేం దుకాణం బంద్ చెయ్యమన్నమా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. భాయ్ నవ్వలేదు గాని, తాళం జేబులో వేసుకున్నాడు.

వెనక బస్సు వచ్చింది. ముందు నా కూతురు దిగింది, తర్వాత ఆ అమ్మాయి. ఇద్దరి చున్నీల మీదా ఎర్రదుమ్ము. భాయ్ దగ్గరకు వెళ్లి, "భయమైందా?" అని మాత్రం అడిగాడు.

"అవ్ అబ్బాజాన్, కొంచెం. గని ఆకలే ఎక్కువైంది. మీరు బండి తీసిండ్రా?"

"తియ్యలే. నువ్వు వద్దన్నవ్ గద."

హోటలాయన అడగకుండానే రెండు ప్లేట్ల మిర్చిబజ్జీలు తెచ్చి పెట్టాడు. తింటూ తింటూ జరిగింది చెప్పారు. జింకల్ని చూశారు, నీళ్ల ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నారు, అనుకున్న బస్సే ఎక్కారు. అడవిలో ఇంజన్ ఆగిపోయింది. కాసేపటికి ఒక లారీ వస్తే మగవాళ్లు చాలామంది దాంట్లో ఎక్కేశారు.

"నేను గూడ ఎక్కుదామన్న నాన్నా, ఇదే ఎక్కనియ్యలే" అంది నా కూతురు.

"లారీ ఎక్కడ దింపుతదో ఎవలకెరుక? బస్సైతే బస్టాండుకే వస్తది గద" అంది ఆ అమ్మాయి.

తర్వాత వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటు లేదు. చంటిపిల్లల తల్లుల్నీ ముసలివాళ్లనీ కండక్టర్ ఎట్లాగో లోపలికి సర్దాడు. వీళ్లు ఫుట్‌బోర్డు మీద వేలాడకుండా ఆగిపోయారు. చెడిపోయిన బస్సు దగ్గర దాని డ్రైవరు, కండక్టరు, ఇంకొందరు ఆడవాళ్లు ఉన్నారు. ఫోన్ చేద్దామంటే ఆ అడవిలో బూత్ ఎక్కడిది? నిండిన బస్సు కదిలే ముందు ఆ అమ్మాయి దాని కండక్టర్‌ని పట్టుకుంది.

"నీకట్ల చెయ్యాలని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

"ఎవలు చెప్పలే అంకుల్. మీరు రోజు పేపర్ కవర్ పంపుతరు గద, గట్లనే."

రోజూ మధ్యాహ్నం నేను వార్తలు, ఫొటో రీలు పెట్టిన కవరును ఖమ్మం బస్సు కండక్టర్‌కు ఇచ్చేవాణ్ని. ఎవరికి ఇవ్వాలి, ఆ మనిషి బస్టాండులో ఎక్కడ నిలబడతాడు, ఇవన్నీ అతని నోటితో ఒకసారి చెప్పించుకుని గాని వదిలేవాణ్ని కాదు. మా వైపు మందులైనా, అన్నం డబ్బాలైనా, పెళ్లి కబుర్లైనా బస్సుల మీదే ప్రయాణం చేస్తాయి. ఆ అమ్మాయి తండ్రి దుకాణం గడపలో కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ నా పని ఏళ్ల తరబడి చూసింది. నేను చెప్పిన సలహాల్లో ఇది లేదు. లేనిదాన్ని తనే తెచ్చుకుని, దానికి ఇంకొకటి కలిపింది: కబురు అందుకున్న మనిషి ఏం చేయకూడదో కూడా చెప్పి పంపింది. ఇప్పుడు బంధువుల పిల్లలెవరైనా దగ్గరి ఊళ్లకు సొంతంగా బయలుదేరుతుంటే నేను ముందుగా చెప్పేది ఇదే. ఆలస్యం తప్పు కాదు. మీకంటే ముందు మీ కబురు ఇంటికి చేరాలి.

బజ్జీలు అయిపోయాక భాయ్ బిడ్డను స్కూటర్ ఎక్కించుకున్నాడు. స్టార్ట్ చేసి, నా వైపు తిరిగి, "అన్నా, ఆ కాలేజీల ఫారాలు ఎప్పుడిస్తరో జెర కనుక్కో" అన్నాడు. వెనక కూర్చున్న ఆ అమ్మాయి నా కూతురి వైపు చూసి, తండ్రికి కనిపించకుండా పిడికిలి పైకెత్తింది. నా కూతురు బస్టాండులోనే గెంతింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ గెలిచింది తనే అన్నట్టు మాట్లాడుతూనే ఉంది.

రెండేళ్లు ఇద్దరూ ఆ దారిలోనే కాలేజీకి తిరిగారు. బస్సులు చెడిపోయాయి, వానలకు వాగులు పొంగాయి. ప్రతిసారీ ఎవరో ఒక కండక్టర్ భాయ్ దుకాణం ముందు ఆగి, "మీ బిడ్డ చెప్పమన్నది" అనేవాడు. ఊళ్లో మిగతా ఆడపిల్లల తండ్రులు కూడా సాయంత్రం ఆ దుకాణం దగ్గరికే వచ్చి కబురు అడగడం అలవాటు చేసుకున్నారు. ఆ రెండేళ్లలో మా వీధి నుంచి ఇంకో ముగ్గురు అమ్మాయిలు అదే కాలేజీలో చేరారు.

ఈ వేసవిలో నా కూతురు ఖమ్మంలో డిగ్రీకి పేరిచ్చింది. ఆ అమ్మాయికి వరంగల్‌లో ఫార్మసీ సీటు వచ్చింది. రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు, హాస్టల్లో ఉండాలి. చేరడానికి ఇంకో వారమే గడువుంది. భాయ్ ఇంకా సరే అనలేదు, వద్దనీ అనలేదు. వరంగల్ బస్సుల కండక్టర్లను మాత్రం ఒక్కొక్కరిగా పరిచయం చేసుకుంటున్నాడు.