అన్న ఫోటోకు కూర్చున్న తమ్ముడు

1955వ సంవత్సరం. హైదరాబాద్ లాడ్ బజార్ వెనుక సందులో, ఒక గాజుల దుకాణం పైన నా స్టూడియో. అప్పటికి పదకొండేళ్లుగా మనుషుల ముఖాలు తీస్తున్నాను. ముఖాన్ని చూపేది వెలుగైతే, దానికి ఆకారమిచ్చేది నీడ. దీపాన్ని జానెడు పక్కకు జరిపితే ముక్కు పొడవవుతుంది, రెండు జానలు పైకెత్తితే కళ్లు లోపలికి పోతాయి. ఈ పని నాకు బాగా వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి అప్పుడూ మొహమాటపడలేదు, ఇప్పుడూ పడను.

ఒక మధ్యాహ్నం అనసూయ అనే ఆమె తన మరిది నర్సింలును వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త రాజలింగం నాలుగేళ్ల కిందట జ్వరంతో పోయాడట. కూతురు అప్పటికింకా కడుపులోనే ఉంది. ఆయన బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగలేదు. బాపు ఎట్లా ఉండేవాడని బిడ్డ ఇప్పుడు రోజూ అడుగుతోందట. అన్నదమ్ములకు పోలిక ఉంది కనుక, మరిదిని కూర్చోబెట్టి ఆయనలా తీయగలనా అని అడిగింది.

"ఇద్దరిది ఒక్కతీరు మొఖమే అన్నా. కాకుంటే ఆయన సన్నగ ఉండె. కండ్లు లోపలికుండె."

నర్సింలుది గుండ్రని, నిండు ముఖం. అయినా అయ్యే పనేనని చెప్పాను.

అతను అన్న కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. ముఖం కొంచెం పక్కకు తిప్పించి, కీ లైట్, అంటే ప్రధానమైన దీపం, కెమెరాకు దూరంగా ఉన్న చెంప మీదే పడేలా పెట్టాను. దీన్ని మా పనిలో షార్ట్ లైటింగ్ అంటారు. మనవైపున్న చెంప నీడలోకి పోయి ముఖం సన్నబడుతుంది. నీడను పలచన చేసే ఫిల్ లైట్‌ను బాగా వెనక్కి జరిపాను. అనసూయ కెమెరా పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతూ పోయింది. దవడ ఇంత వెడల్పు లేదంటే దీపం ఇంకాస్త పక్కకు జరిపాను. కళ్లు ఇంకా లోతంటే స్టాండ్ ఎత్తాను.

అలా గంట గడిచింది. ఒకసారి స్టాండ్ సరిచేసి వెనక్కి తిరిగేసరికి ఆమె స్టూలు మీద లేదు. లేచి నిలబడి, భర్తే ఎదురుగా ఉన్నట్టు కొంగు తల మీదికి లాక్కుంటోంది. ఇక దీపాలను కదిలించలేదు. కెమెరాలో ప్లేటు పెట్టి షట్టర్ నొక్కాను.

ఫోటో చేతికిచ్చిన రోజు ఆమె చాలాసేపు ఏడ్చింది. బిడ్డ పెద్దదయ్యాక అసలు సంగతి తనే చెబుతానంది. ఎంత మంచి పని చేశానో అని నేను పొంగిపోయాను.

నెల తిరిగాక నర్సింలు ఒక్కడే వచ్చాడు. గోడ మీది ఫోటోలు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఏమైందని అడిగితే నెమ్మదిగా చెప్పాడు.

"ఫోటో మస్తుగొచ్చింది, తప్పు పడుతలేను. మా అమ్మ దానికి రోజు దండేస్తది, ఊదుబత్తి ముట్టిస్తది. నేను దానికి ఎదురుంగనే కూసోని తినాలె. చచ్చిపోయినోడని అందరు దండం పెడుతుంటే, అది నా మొఖమేనాయె అన్నా."

దాన్ని తీసేయమని మీ వదినతో మాట్లాడనా అన్నాను. వద్దన్నాడు.

"బిడ్డ దానితోని ముచ్చట పెడుతది. గట్లనే ఉండనియ్యి. నన్ను నన్నుగ ఒక్కటి తియ్యి. నాది గూడ ఒక్క ఫోటో లేదు."

నాకు సిగ్గేసింది. గంటసేపు ఆ ముఖాన్నే చూశాను, కానీ అందులో వాళ్లన్నను మాత్రమే వెతికాను. నర్సింలు ఎలా ఉంటాడో నాకు తెలియదు. పదకొండేళ్లలో మొదటిసారి, దీపం ఎక్కడ పెట్టాలో తోచక చాయ్ తెప్పించాను.

చాయ్ తాగుతూ తన సంగతులు చెప్పాడు. నల్లాలు బాగుచేయడం అతని పని. బార్కస్‌లో ఒక ఇంట్లో పైపు విప్పగానే నీళ్లు ఎగజిమ్మి, కొత్త లుంగీ కట్టుకున్న పెద్దాయనతో సహా అందరినీ తడిపేశాయని చెబుతూ నవ్వాడు. నవ్వితే చెంపలు రెండూ పైకి లేచి, కళ్లు సన్నని గీతలయ్యాయి. ఎడమ చెంప మీద సొట్ట పడింది. నేను గంటసేపు నీడలో దాచిన ఆ నిండుదనమే ఇతని అందం.

కీ లైట్‌ను కిందికి దించి దాదాపు ఎదురుగా పెట్టాను. వెలుగు మెత్తబడాలని దాని ముందు పల్చని తెల్లగుడ్డ కట్టాను. ఫిల్ లైట్ దగ్గరికి తెచ్చాను. కళ్ల కింద, దవడ కింద నీడలన్నీ కరిగిపోయాయి. చెంప సొట్టలో మాత్రం చిన్న నీడ నిలిచింది. దాన్ని పోనివ్వలేదు. పైపు కథ మళ్లీ చెప్పించి, అతను నవ్వుతుండగానే తీశాను.

కొన్నాళ్లకు అనసూయ బిడ్డను ఫోటో తీయించడానికి తీసుకొచ్చింది. ఇంట్లో రెండు ఫోటోలూ ఒకే గోడకు ఉన్నాయట.

"బాపు, బాబాయి అన్నదమ్ములే గద, ఒక్కతీరుగ లేరేంది అని అడుగుతున్నది అన్నా" అంది. చెబుతూ తనే నవ్వింది.

దీపాలు జరపడం నా అంతట నేనే నేర్చుకున్నాను. జరపడానికి ముందు, కూర్చున్నది ఎవరో తెలుసుకోవాలని నర్సింలు నేర్పాడు. ఆనాటి నుంచి ఎవరొచ్చినా, స్టాండ్ ముట్టుకోకముందే ఇంకో కుర్చీ లాక్కుని వాళ్లెదురుగా కూర్చుంటాను.